కుట్టిన ఓడ, కొలిచిన నీరు

వానకై ఆకసము చూచుచు ఏడాది గడపు తనకల్లు ప్రాంతమువారికి సముద్రముతోడను ఓడలతోడను పనియేమని చదువరులలో కొందరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అనంతపుర సీమలో ఏటి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు కురియుట అరుదు. వేరుసెనగ విత్తి మబ్బునకై కాచుకొనువారే గాని తెరచాప ఎత్తి గాలికై కాచుకొనువారు మాలో లేరు. అయినను సముద్రమను మాట మాకు క్రొత్తది కాదు. మా పూర్వులు తాము త్రవ్వించిన చెరువులకే సముద్రములనియు సాగరములనియు పేరిడిరి. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రమే ఇందుకు సాక్షి. మా పాపాఘ్నిలో నీరు పారిన ఏట ఆ నీరు పెన్నలో కలిసి, నెల్లూరు దాటి, తుదకు తూర్పు సముద్రమునే చేరును. కావున సముద్రపు ముచ్చట మాకు పరాయిది కాదు. అంతకంటె ముఖ్యమైన కారణమొకటి కలదు. నడిసముద్రమున నున్న ఓడయు ఒక కరవుసీమయే. చుట్టును నీరే, త్రాగుటకు మాత్రము కొలత నీరు. ఆ ఓడలోని కాపురమెట్టిదో, అది ఎట్లు చెడెనో, మరల ఎట్లు కడలిపైకి వచ్చెనో తెలిసికొనుట మనకు ఉపయోగకరమని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

భారత నౌకాదళమువారి 'కౌండిన్య' యను ఓడ 2025వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన పోరుబందరు రేవు విడిచి, 2026 జనవరి 14వ తేదీన ఒమాను దేశపు మస్కట్టు రేవు చేరెను. నేటి నావలు ఇంతకంటె ఎంతో దూరము ఎంతో తక్కువ కాలములో పోవుచుండగా ఇందలి విశేషమేమి? ఈ ఓడకు యంత్రము లేదు. పలకలను పలకలతో కలిపినది ఇనుప మేకు కాదు, కొబ్బరిపీచు త్రాడు. అజంతా రెండవ గుహలోని 5వ శతాబ్దపు చిత్రమొకటి దీనికి మాతృక. చిత్రమేగాని కొలతల పటము లేదు. పాత ఓడ ఒక్కటియు మిగిలి లేదు. 2023 జులైలో కేంద్ర సాంస్కృతిక శాఖయు, నౌకాదళమును, గోవాలోని హోడీ ఇన్నొవేషన్సు సంస్థయు ఒడంబడిక చేసికొనగా, ఆ ఏటి సెప్టెంబరులో ఓడకు అడుగుదూలము నిలిపిరి. కేరళమునుండి వచ్చిన పనివారు బాబు శంకరనుగారి నాయకత్వమున వేలకొలది కుట్లు చేతితో కుట్టిరి. గాలికిని అలకును ఓడ నిలుచునో లేదో అని మద్రాసు ఐఐటీవారు నమూనాను నీటిలో పరీక్షించిరి. 2025 ఫిబ్రవరిలో ఓడ నీట దిగెను. మే 21వ తేదీన కార్వారులో నౌకాదళమున చేరెను. దీని తెరచాపలపై గండభేరుండ పక్షియు సూర్యబింబమును వ్రాసిరి. సముద్రము దాటి ఆగ్నేయాసియా చేరినట్లు కథలలో వినబడు కౌండిన్యుని పేరు దీనికి పెట్టిరి.

ఓడను కుట్టుట యనగా నేమో కొంచెము విప్పి చెప్పవలసియున్నది. సామాన్యముగా మనము పెట్టె చేయునపుడు ముందు చట్రము చేసి దానికి పలకలు బిగింతుము. ఇచ్చట క్రమము తలక్రిందులు. ముందు పలకల అంచులు ఒకదానితో నొకటి అతుకునట్లు చెక్కి, అంచుల వెంబడి రంధ్రములు తొలిచి, అతుకుపై కొబ్బరిపీచు దట్టించి, దానిమీదుగా త్రాడు బిగించి కుట్టుదురు. ఓడ ఒడలు రూపుగట్టిన పిమ్మట ప్రక్కటెముకలవంటి అడ్డకొయ్యలను లోపల అమర్చుదురు. రంధ్రములను గుగ్గిలమువంటి బంకలతో పూడ్చి నూనె పట్టింతురు. ఇట్టి ఓడ అల తాకినపుడు బిగదీసికొని పగులదు. రవంత వంగి, మరల తన రూపునకు వచ్చును.

ఇనుము వాడకుండుటకు మన ప్రాచీనులు చెప్పిన కారణము వేరొకటి కలదు. భోజునిదని చెప్పబడు 'యుక్తికల్పతరువు' సముద్రపు ఓడకు ఇనుప బంధము కూడదనియు, సముద్రములోని అయస్కాంత శిల లాగివేయుననియు హెచ్చరించుచున్నది. అట్టి శిల ఏ సముద్రమునను లేదు. ఇనుము ఖరీదైనది, ఉప్పునీట తుప్పుపట్టి పలకను తినివేయును, త్రాడు చౌక, పాతబడిన మార్చవచ్చును. ఇదియే నిజమైన కారణము. పని యెరిగినవాడు నిజము నెరుగును. పనికి దూరమైనవాడు దానికొక కట్టుకథ అల్లును. ఈ భేదము ఈ వ్యాసమంతటను జ్ఞప్తియందుంచుకొనవలెను.

తెలుగుతీరమునకు ఈ విద్య పరాయిది కాదు. సాతవాహనుల సీసపు నాణెములపై రెండు స్తంభముల ఓడ బొమ్మ కలదు. కృష్ణాతీరపు ఘంటసాలలోని ప్రాకృత శాసనమొకటి సివకుడను మహానావికుని పేర్కొనుచున్నది. 1244వ సంవత్సరపు మోటుపల్లి శాసనమున కాకతీయ గణపతిదేవుడు ఒక గొప్ప మాట యిచ్చెను. అంతకుముందు గాలివానకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలోని సరకునెల్ల రాజులు హరించుచుండిరి. ప్రాణముకంటె ధనమే మిన్న యని తలచి కడలిమీద సాహసించు వర్తకులను అట్లు దోచుట తగదనియు, ఇకమీద నియమితమైన సుంకము మాత్రమే గైకొందుననియు ఆ రాజు అభయమిచ్చెను. పిమ్మటి కాలమున గోదావరి మొగనున్న కోరంగి, కలకత్తాకును ట్రింకోమలీకిని నడుమ ఓడలను మరమ్మతు చేయగల రేవుగా పేరొందెను. అచ్చటినుండి సాగిపోయిన తెలుగువారిని బర్మాలోను మారిషస్సులోను కోరంగీలనియే పిలిచిరి. ఇక కుట్టుపనికి వచ్చితిమా, మచిలీపట్టణపు పేరుతో ముడిపడిన 'మసూలా' పడవ కుట్టినదే. రేవుగోడ కట్టకముందు మద్రాసునకు వచ్చిన దొరలును సరకులును ఒడ్డు చేరినది ఈ పడవలపైననే. మేకులు కొట్టిన పడవ ఆ కరకు అలలకు బ్రద్దలగుచుండగా కుట్టిన పడవ బ్రతికి బయటపడెడిది. నిన్నమొన్నటివరకు మన బెస్తలు అలివి వలలు విడుచుటకు ఇట్టి పడవలనే వాడిరి.

ఇక ఓడలోని బ్రదుకు. సుమారు 20 మీటర్ల పొడవు, ఆరున్నర మీటర్ల వెడల్పు గల 'కౌండిన్య'లో నలుగురు అధికారులును పదముగ్గురు నావికులును మొదలుగాగలవారు రెండు వారములకు మించి కాపురము చేసిరి. మన పల్లెలలో రెండు మిద్దెలు కలిపినంత చోటది. గదులు లేవు, సంచిపడకలలో దూరి నిద్రించిరి. ఓడలో విద్యుత్తు లేదు, తలకు కట్టుకొను దీపములే రాత్రి ఇతర నావలకు తమ ఉనికిని తెలిపెడివి. ఆహారము పప్పును బియ్యమును కలిపి వండిన పులగము, ఊరగాయ. మన సంక్రాంతి పులగమే వారికి నిత్యభోజనమయ్యెనన్నమాట. నేటి ఓడలవలె వెనుక అమర్చిన చుక్కాని లేదు. ఇరుప్రక్కల వ్రేలాడు పెద్ద తెడ్లతో దారి మరల్పవలెను. చతురస్రపు తెరచాప వెనుకనుండి వచ్చు గాలికి ఒదిగినంతగా ఎదురుగాలికి ఒదుగదు. కాబట్టి గాలి అనుకూలించినపుడు సాగుట, లేనపుడు కాచుకొనుట. ఇంతకు మించిన ఉపాయము లేదు.

కాచుకొనుట యనునది పూర్వపు ఓడబ్రదుకులో సగపాలు. చలికాలమున ఈశాన్యపు గాలి ఓడను పడమటికి తోయును. వేసవి దాటిన పిమ్మట నైరృతి గాలి వెనుకకు తెచ్చును. ఒక గాలితో పోయిన వర్తకుడు రెండవ గాలి వచ్చుదాక పరదేశపు రేవులో నెలలతరబడి నిలువవలసినదే. మృగశిర కార్తెను కాచుకొను రైతునకును ఆ వర్తకునకును భేదమేమి? ఇరువురును ఒకే ఋతుపవనమును నమ్ముకొన్నవారు. ఒకనికది వాన, ఒకనికది దారి.

ఓడలో ఎవరి పని వారికి కలదు. 16వ శతాబ్దపు తుదిని అబుల్ ఫజలు వ్రాసిన 'అయినీ అక్బరీ'లో ఓడపనివారి పట్టిక కలదు. ఓడయజమానియగు నాఖుదా, నక్షత్రములెరిగి దారి చూపు ముఅల్లిము, కళాసుల పెద్దయగు తండేలు, ఓడను రేవునకు చేర్చు సరంగు, సామానులు కాచు భండారి, చుక్కాని పట్టువాడు, స్తంభమెక్కి నేలకును తుపానునకును కనిపెట్టుకొనియుండు పంజరి, ఓడలో ఊరిన నీరు తోడిపోయు గుమ్మటి. ఈ పేళ్ళలో తండేలు, సరంగు, కళాసి మొదలగునవి నేటికిని మన తీరపు మాటలే. ఈ పట్టికలో మమ్మెక్కువగా ఆకర్షించినవాడు కర్రాణి. ఇతడు ఓడ లెక్కలు వ్రాయు గుమస్తా. ప్రయాణికులకు త్రాగునీరు పంచువాడును ఇతడే. సరకును లెక్క వ్రాయు చేతికే నీటి కొలతను అప్పగించిరి. ఎందుకన, నడిసముద్రమున మిరియములకంటెను పట్టుకంటెను విలువగల సరకు మంచినీరు. బోరుబావి ఎండిన వేసవిలో బిందెల వరుసయొద్ద నిలిచినవారికి కర్రాణి పని ఎంత ధర్మసంకటమో వేరుగ చెప్పనక్కరలేదు.

గుమ్మటి పనియు అట్టిదే. కుట్టిన ఓడలో కుట్ల సందులనుండి నీరు ఊరుట సహజము. దినదినము తోడిపోయనిచో ఎంతటి ఓడయైనను మునుగును. ఇందులో ఘనత లేదు, కీర్తి లేదు. చీకటిలో, మురుగువాసనలో వంగి చేయవలసిన చాకిరి. ఓడ తేలియుండుట మాత్రము ఈ చాకిరిమీదనే ఆధారపడియున్నది.

అజంతా చిత్రము వ్రాసిన కాలమునకు దగ్గరగానే, 5వ శతాబ్దపు ఆరంభమున, ఫాహియాను అను చీనా భిక్షువు సింహళమునుండి ఇన్నూరుమందికి పైబడిన జనముతో ఓడయెక్కెను. తుపాను వచ్చి ఓడకు చిల్లిపడెను. వర్తకులు బరువైన సరకులను నీట పారవైచిరి. భిక్షువు తన కూజాను పళ్ళెరమును తానే విసరివైచి, తాను దేశమంతయు తిరిగి సేకరించిన గ్రంథములను కూడ పారవైతురేమోయని భయపడెను. జావాలో ఓడ మారిన పిమ్మట మరల గాలివాన. ఈసారి దారి తప్పి, నీరు తరిగిపోగా, వంటకు ఉప్పునీరే వాడి, మంచినీటిని మనిషికింతయని కొలిచి పంచుకొనిరి. ఆ ఓడలోని బ్రాహ్మణులు, ఈ బౌద్ధసన్యాసి ఎక్కినందుననే మనకీ కీడు మూడెనని తలచి, అతనిని ఏదైన దీవియందు దింపిపోవ నిశ్చయించిరి. భిక్షువును ఆదరించిన ప్రయాణికుడొకడు అడ్డుపడి, అతనిని దింపినచో తననును దింపుడని గట్టిగా పలుకుటచే ఆ ప్రమాదము తప్పెను.

ఈ కథనుండి రెండు సంగతులు తేటపడుచున్నవి. ఆపద వచ్చినపుడు కారణము వెదకక, తమలో భిన్నుడైనవానిపై నెపము మోపు దుర్గుణము నేలపైనే గాక నీటిపైనను మనల వెన్నాడినది. కరవు వచ్చిన ఏట ఎవరో ఒక దిక్కులేని ముసలిదానిపై నింద వేయు పల్లెకును ఆ ఓడకును పోలిక లేదా? రెండవ సంగతి మరింత వింతైనది. ఆ ఓడలో బ్రాహ్మణులుండిరి! సముద్రయానము పాపమని పిమ్మటి కాలమున గొంతెత్తినవారి పూర్వులే సముద్రముపై తిరిగిరి. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పాతకముల నడుమ చేర్చినమాట నిజము. అదే గ్రంథము సముద్రముమీద పోవుట ఔత్తరాహుల ఆచారములలో నొకటియని పేర్కొనుచున్నది. జనులు చేయని పనిని నిషేధింపవలసిన అగత్యమేమి?

నాటి నిషేధపు బలము ఎంతకాలము నిలిచెనో చూడుడు. పోరుబందరున పుట్టిన మోహనదాసు గాంధీ 1888వ సంవత్సరమున చదువునకై ఇంగ్లండు పోదలచినపుడు బొంబాయిలోని కులపెద్దలు ఆయనను వెలివేసిరి. 137 సంవత్సరముల పిమ్మట ఆ పోరుబందరునుండియే ప్రాచీన భారతీయుల సముద్రయానమును కొనియాడుచు ఓడ బయలుదేరినది. పూర్వుల సాహసమును పొగడువారు, ఆ సాహసమును పాపమని అణచినదియు మన సంఘమేయని మరువరాదు. అదియు ఒకరినే అణచినది. కోరంగినుండి రంగూనునకు పొట్టచేతబట్టుకొని పోయిన కూలివానికి ప్రాయశ్చిత్తము చెప్పవచ్చిన పండితుడెవడు? వాడు పోయినను సంఘమునకు లోటు కనబడలేదు. వాని ఓడ యొక్క విద్యయు సంఘమునకు విద్యగా కనబడలేదు.

ఓడలు నశించుటకు నిషేధమొక్కటియే కారణమని మేము చెప్పము. మార్కో పోలో 13వ శతాబ్దమున హోర్ముజు రేవులో కుట్టిన ఓడలను చూచి, అవి నాసియనియు పెక్కు మునుగుచున్నవనియు వ్రాసెను. ఆ తీర్పును కొట్టివేయ బనిలేదు. ప్రతి పనిముట్టునకును దాని గుణమును దోషమును కలవు. పిమ్మట మేకుల ఓడలును ఫిరంగులును వచ్చెను. 1869లో సూయజు కాలువ తెరువబడి పొగయోడలు పెరిగెను. కోరంగిని 1789లోను 1839లోను ఉప్పెనలు ముంచెత్తెను. ఆ ఉప్పెనల వృత్తాంతములు సేకరించిన పిడింగ్టనుగారే తుపానునకు 'సైక్లోను' అను పేరు కల్పించిరి. గోదావరి తెచ్చిన ఒండు రేవును పూడ్చెను. గాలి మారవచ్చును, రేవు పూడవచ్చును. వానికి మనము బాధ్యులము కాము. విద్యను చేతిలో నుంచుకొన్న మనిషిని చిన్నచూపు చూచి, వాని విద్యను వ్రాసియుంచకుండుటకు మాత్రము మనమే బాధ్యులము.

కుట్టు ఓడలు మరల తలయెత్తిన విధము చూచిన ఈ సంగతి రూఢియగును. 1980లో టిం సెవెరిను అను ఐరోపా యాత్రికుడు ఒమానులోని సూరు రేవులో 'సోహారు' అను ఓడ కట్టించి మరుసటి ఏట చీనా చేర్చెను. ఆ ఓడను కుట్టుటకు మన లక్షదీవుల పనివారు కావలసివచ్చిరి. 2010లో మస్కట్టునుండి సింగపూరునకు పోయిన 'జ్యుయెల్ ఆఫ్ మస్కట్టు' ఓడయు కుట్టినదే. ఇప్పుడు 'కౌండిన్య'కు కేరళ హస్తములు. గ్రంథము రూపమును చెప్పినది; చిత్రము ఆకారమును చూపినది; శాస్త్రజ్ఞులు బలమును కొలిచిరి. త్రాడు ఎంత బిగింపవలెనో చెప్పినది మాత్రము చేయి. ఆ త్రాడు చరిత్రయు చెప్పవలెను. కొబ్బరి డొక్కలను నెలలతరబడి నీట నానవైచి, కొట్టి, పీచుతీసి, పురిపెట్టు పని కేరళతీరమున పెక్కుచోట్ల స్త్రీలది. ఓడ నెక్కనివారి చేతిపనియే ఓడను విడిపోకుండ పట్టియున్నది. మన తీరమున మసూలా పడవ కుట్టు చేతులు గాజునార పడవలు వచ్చిన పిదప క్రమముగా పని లేక నిలిచిపోయినవి. రేపు తెలుగువారు తమ నాణెముమీది ఓడను కట్టదలచినచో ఎవరి వాకిట నిలువవలెను?

ఈ ప్రశ్న తీరమువారికే కాదు, మాకును తగులుచున్నది. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369వ సంవత్సరము నాటిది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసి ఆ చెరువు కట్టిరనియు, మంచి చెరువునకు పండ్రెండు అంగములు కావలెననియు ఆ రాతిమీద చెక్కియున్నది. రాజకుమారుడగు భాస్కరుని పేరు అందు కలదు. ఆ వేయిమందిలో ఒక్కని పేరును మనకు తెలియదు. కట్ట ఎక్కడ చెమర్చుచున్నదో అడుగు మోపి చెప్పగల వడ్డెపనివాడు, ఏ మడికి ఎన్ని గడియలు తూము తెరువవలెనో గుర్తెరిగిన నీరుగంటి, మరవ పారునపుడు రాత్రియంతయు కాపుండినవాడు. వీరే మా సీమ ఓడకు తండేళ్ళు, కర్రాణులు, గుమ్మటులు. చెరువు పూడినను త్రవ్వుకొనవచ్చును. నీరు పంచు మర్యాద తెలిసిన మనిషి పోయినచో ఏ రాతినుండి త్రవ్వి తీయుదుము?

ఓడబ్రదుకు నేర్పు నీతి ఇంతమాత్రమే. చోటు కొంచెము, నీరు కొంచెము, ఆపద అందరిది. అట్టిచోట నీటిని కొలిచి పంచుటయు, ఊరిన నీరు దినదినము తోడిపోయుటయు, అడుగున పనిచేయువానిని తమతో సమానుడుగా నెంచుటయు ధర్మశాస్త్రము చెప్పినందున గాక బ్రదుకవలెనను అవసరమువలన పుట్టిన ఆచారములు. ఈ ఆచారములు చెడిన ఓడ మునుగును. చెడిన పల్లె వలసపోవును.

కావున ఇల్లు నడుపు చదువరులకు మా విన్నపము. ప్రాచీనుల ఓడలను తలచి గర్వించుట తప్పు కాదు. ఆ గర్వములో నాలవవంతైనను మీ ఊరి నీరుగంటి యెడల చూపుడు. వడ్డెపనివాడు మీ వాకిటికి వచ్చినపుడు కూలితో పాటు వాని యెరుకనుగూర్చి నాలుగు మాటలడిగి, చదువుకొన్న మీ బిడ్డచేత వ్రాయింపుడు. ఆ వ్రాతలో వాని పేరు వాని పేరుగానే యుండవలెను. శాసనపు వేయిమందివలె లెక్కగా మిగులరాదు. వారి పిల్లలును మీ పిల్లలును బడిలో ఒక్క బల్లమీద కూర్చుండునట్లు చూడుడు. బిందెల వరుసలో ముందెవరు, వెనుకెవరు అను ప్రశ్నకు కులమును అడుగక అక్కరను అడుగుడు. కుట్టు విడువక ముందే బిగించుట సులువు.